పెద్దమ్మ బిస్సీలో నీళ్ల పప్పు

మొన్న ఆదివారం వంట చేయడానికి ఒళ్లు సహకరించక కూర్చుంటే, మా మనుమరాలు ఫోనులో ఏదో నొక్కి భోజనం తెప్పించింది. భివండి దగ్గర కాశేలి వైపు ఈ బిల్డింగుకు మారినప్పటి నుంచి మాకు ఇదొక అలవాటైంది. పప్పు నీళ్ల నీళ్లగా ఉంది, కూర కాస్త మాడింది. ఇంటి వంట అని రాసి ఉంది కనుక ఎవరో ఆడమనిషి తన వంటింట్లో వండి పంపినదే అయి ఉంటుంది. మా ఆయన మొదటి ముద్దకే మొహం చిట్లించాడు. "అమ్మమ్మా, ఇది బిల్కుల్ బేకార్ ఉంది, ఒక్కటే స్టార్ ఇస్త," అని పిల్ల వేలు ఆనించబోయేసరికి ఆగమని దాని చెయ్యి పట్టుకున్నాను.

ఆ పప్పు రుచి నాకు కొత్త కాదు. భివండి గైబీ నగర్‌లో నేను పెరిగిన గల్లీలో, మేమంతా పెద్దమ్మ అని పిలుచుకున్న ఆవిడ చేసే పప్పు అచ్చం ఇలాగే ఉండేది. సొంత పెద్దమ్మ కాదు. అమ్మ ఆమెను అక్కా అనేది, నాన్న వదినె అనేవాడు, కరీంనగర్ వైపు పక్కపక్క ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం కనుక అంతకు మించిన చుట్టరికం అక్కరలేకపోయింది. సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసే ఆమె భర్త జ్వరంతో పోయిన ఏడు, చిన్న ఆడపిల్లను చంకనేసుకొని ఊళ్లో అన్నదమ్ముల ఇంటికి పోయి వాళ్ల పంచన పడి ఉండడమా, ఇక్కడే ఏదైనా చేసుకొని బతకడమా అన్న ప్రశ్న ఆమె ముందుకు వచ్చింది. ఊరికి పోవడం ఆమెకు ససేమిరా ఇష్టం లేదు. మగ్గానికి కండెలు చుట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు గాని, ఆ పనితో ఉన్న ఒక్క గది ఖోలీ కిరాయి కూడా వెళ్లదు.

అప్పుడు గల్లీవాళ్లంతా కలిసి ఆమె చేత బిస్సీ పెట్టించారు. ఊరొదిలి ఒంటరిగా వచ్చిన కార్మికులకు నెల పద్ధతిన రెండు పూటలా అన్నం పెట్టే ఇంటినే భివండిలో బిస్సీ అనేవాళ్లమని మన వయసువాళ్లకు చెప్పనక్కర్లేదు. ఒకరు పొయ్యి ఇచ్చారు, ఒకరు గిన్నెలు ఇచ్చారు, తలా ఇద్దరు ముగ్గురు తినేవాళ్లను పంపారు. ఇంత ఆలోచించినవాళ్లు ఆమెకు వంట వచ్చా అన్న ఒక్క మాట మాత్రం అడగడం మరిచిపోయారు.

వంట రాదు. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ చేతి చురుకుదనం చూసి ఆమెను కండెల దగ్గరే కూర్చోబెట్టారు తప్ప పొయ్యి దగ్గరకు రానిచ్చినవాళ్లు లేరు. అయినా ఎవరూ పెదవి విప్పలేదు. మా నాన్న ఇంట్లో అమ్మ వండిన అన్నం ఉండగానే మధ్యాహ్నం అక్కడికి వెళ్లి ఆ నీళ్ల పప్పు కలుపుకొని తిని, కడుపు నిండిందని చెప్పి వచ్చి, ఇంట్లో దొంగచాటుగా ఇంత పచ్చడి నంజుకునేవాడు. అమ్మదింకో పద్ధతి. తను చేసిన పప్పు గిన్నెలో పట్టుకెళ్లి, ఉప్పు పులుపు సరిపోయాయో లేదో కొంచెం చూసి చెప్పమని పెద్దమ్మనే అడిగేది. అలా నెల తిరిగేసరికి గల్లీలో సగం మంది ఆడవాళ్లు గిన్నెలతో ఆమె సలహాకు వెళ్లడం మొదలుపెట్టారు, ఆమె కూడా ఎంతో పెద్దరికంగా రుచి చూసి చెప్పేది. ఆ రోజుల్లో మా అమ్మ వేసిన వేషాలు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఇంతలో ఊరి నుంచి కొత్తగా వచ్చిన ఒకాయన మొదటి రోజు పంక్తిలో కూర్చొని, ఈ సంగతులేవీ తెలియక, "ఏందిది, పప్పుల నీళ్లు పోసిండ్రా, నీళ్లల్ల పప్పు వేసిండ్రా?" అన్నాడు. తినేవాళ్లందరి చేతులూ ఆగిపోయాయి. వాళ్ల మొహాలు చూడగానే పెద్దమ్మకు అన్ని నెలల సంగతి ఒక్కసారిగా అర్థమైపోయింది. మర్నాడు పొయ్యి వెలగలేదు. తలుపు బిగించుకొని, ఊరికి పోవడానికి ట్రంకు పెట్టె సర్దుకుంటోందని అమ్మ ఏడుస్తూ వచ్చి చెప్పింది.

మధ్యాహ్నం పని ఆపే వేళకు నాన్న ఖాళీ పళ్లెం తీసుకొని పోయి ఆ మూసిన తలుపు ముందు కూర్చున్నాడు. ఆయనను చూసి ఒకరొకరే తమ పళ్లేలతో వచ్చి పక్కన కూర్చున్నారు, ఆ కొత్తాయన కూడా తల వంచుకొని చివర్లో చేరాడు. చాలాసేపటికి తలుపు తీసి పెద్దమ్మ ఒకటే అడిగింది, "నాకు వంట రాదని మీకందరికి ఎరికేనా?" అని. "ఎరికే వదినె. సాంచె నేర్చేటప్పుడు నేనెంత బట్ట ఖరాబ్ చేసిన్నో నీకెరికలేదు. నువ్వు వండు, మేం కూసుంటం," అన్నాడు నాన్న. ఆ రోజు అన్నం అయ్యేదాకా ఎవరూ లేవలేదు.

ఆ బిస్సీ తరువాత ఎన్నో ఏళ్లు నడిచింది, వండగా వండగా పెద్దమ్మకు వంట పట్టుబడింది, ఆమె కూతురి పెళ్లీ దానిమీదే అయింది. ఆమె దగ్గర చేయి తిరిగిన ఆడవాళ్లు వేరే గల్లీల్లో సొంతంగా బిస్సీలు పెట్టుకుంటే, మొదట్లో తినడానికి తన మనుషులను తనే పంపేది, ఎట్లున్నా నోరు మెదపొద్దని గట్టిగా చెప్పి మరీ. ఇక ఆ కొత్తాయన పెద్దమ్మ పచ్చిపులుసుకు అలవాటు పడి గల్లీ వదలక, చివరికి నన్ను కట్టుకున్నాడు. నోటి దురుసు మాత్రం అలాగే ఉంది.

ఇదంతా విని మనుమరాలు ఫోను పక్కన పెట్టింది. మా ఆయన ఇంకో గరిటె పప్పు వేసుకున్నాడు. నేను మాత్రం, వండినావిడ ఎవరో, ఎక్కడుంటుందో చూడమని పిల్లను అడిగాను. అది ఎంత వెతికినా ఫోనులో ఆ వివరం లేదు. ఆమెకు కూడా పొయ్యి వెలగని రోజు ఒకటి వస్తుందేమో. పళ్లెం తీసుకొని పోయి కూర్చోవడానికి నాకు ఇప్పటికీ అభ్యంతరం లేదు, ఎవరి తలుపు ముందు కూర్చోవాలో తెలియడం లేదు.