ఒర పట్టీ ఎప్పుడు తీశాడు

సెంబవాంగ్‌లో మా ఎదురు ఫ్లాట్‌లో ఉండే మనిషి నడుముకు రివాల్వర్ పెట్టుకుని ఉద్యోగం చేసేవాడు. ఈ దేశంలో మామూలు మనుషుల దగ్గర తుపాకీ కనబడదు. అతని చేతికి వచ్చేది కూడా సొంతం కాదు. బ్యాంకు డబ్బు మోసే వ్యానుకు కాపలాగా ఉన్నంతసేపే కంపెనీ ఇస్తుంది, డ్యూటీ దిగగానే తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. దాన్ని పట్టుకునే అనుమతి మాత్రం అతని పేరు మీద ఉంది. జొహోర్‌లో పుట్టి, పని కోసం బ్రిడ్జి దాటి ఈ దేశం వచ్చిన తెలుగువాడు. తాతల నాటి శ్రీకాకుళం మాటలో తమిళం, మలయ్ కలిపేసి, ఇక్కడి వాళ్లలా మాట చివర 'లా' తగిలించి మాట్లాడేవాడు.

ఒక శనివారం సాయంత్రం టీ వేళకు వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, కూర్చోకుండా నిలబడ్డాడు.

"అన్నా, మీరు పేపర్లో పన్జేసినారు గదా. ఇంగిలీసులో ఒక స్టేట్‌మెంట్ రాసిపెట్టాల. సోమవారం పోలీసోళ్లకి ఇవ్వాల లా."

విశాఖలో ఒక దినపత్రికలో ముప్పై ఏళ్లు చేశాను. అందులో సగం కాలం నేర వార్తలే. మా ఆవిడకు ఇక్కడ నర్సు ఉద్యోగం వస్తే వెంట వచ్చాను. ఉత్తరాలు రాసిపెట్టమని చుట్టుపక్కల వాళ్లు అడగడం అలవాటే. ముందు కూర్చోబెట్టి సంగతేమిటో చెప్పమన్నాను.

బుధవారం ఉదయం వుడ్‌ల్యాండ్స్ రోడ్డు మీద జరిగింది. ఒక లారీ వీళ్ల వ్యానుకు అడ్డంగా దూరింది. వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు, వదలకుండా కొట్టాడు. సిగ్నల్ దగ్గర రెండూ ఆగాయి. లారీ డ్రైవరు దిగి వచ్చి వ్యాను అద్దం మీద బాదాడు. ఎడమ వైపు సీట్లో ఉన్న మనవాడు దిగి ముందు నుంచి చుట్టి వెళ్లాడు. అప్పుడు లారీ డ్రైవరు చేతిలో ఇనప రాడ్డు పైకి లేచింది. ప్రాణభయంతో, తుపాకీ జారకుండా ఒర మీద ఉండే పట్టీ బటన్ తీసి, తుపాకీ పిడి మీద చెయ్యి వేసి, కొంచెం పైకి లాగాడు. వాడు వెనక్కి తగ్గాడు. మనవాడు వ్యాను ఎక్కేశాడు. తన మీదికి తుపాకీ తీశారని ఆ లారీ డ్రైవరు పోలీసులకు ఫిర్యాదు చేశాడు.

"రాడ్డు లేసింది, పట్టీ తీసినాను. అంతే అన్నా. అదే రాయండి. అనుమతి పోతే ఉద్యోగం పోద్ది. ఉద్యోగం పోతే ఈ ఊర్లో ఉండనిచ్చే పాసు పోద్ది. పెళ్లాం పిల్లల్తో బ్రిడ్జి దాటి పోవాలిసిందే."

మళ్లీ చెప్పమన్నాను. చెప్పాడు. టీ తాగాక ఇంకోసారి అడిగాను. మూడుసార్లూ అవే మాటలు, అదే వరస. "ప్రాణభయంతో" అన్న మాట మూడుసార్లూ ఒకే చోట పడింది. నాకు అనుమానం మొదలైంది అక్కడే. నిజంగా భయపడ్డ మనిషి ఒకసారి రాడ్డు దగ్గర మొదలుపెడతాడు, ఇంకోసారి హారన్ దగ్గర, మరోసారి ఆ పూట తిన్న టిఫిన్ దగ్గర. చివర నుంచి మొదటికి చెప్పమన్నాను. తడబడ్డాడు.

వంటింట్లోంచి మా ఆవిడ, "టీ ఇచ్చి మరీ కేసు పెడుతున్నారా ఆయన మీద?" అంది.

"అక్కా, అన్న పోలీసోడికంటే మోసం," అని నవ్వాడు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

కంపెనీ వాళ్ల నియమాల కాగితం జేబులో పెట్టుకొచ్చాడు. చదివాను. ప్రాణం మీదికి వచ్చి, వేరే దారి ఏదీ మిగలనప్పుడే తుపాకీ. దాని పైన ఇంకో వాక్యం ఉంది: రోడ్డు మీద గొడవైతే తలుపులు వేసుకుని లోపలే ఉండాలి, దిగకూడదు.

"మరి ఎందుకు దిగావు?"

"డ్రైవర్ని కొడతాడనుకున్నాను."

"అద్దం మందం ఎంత?"

ఆ అద్దం రాడ్డుకు పగిలేది కాదని ఇద్దరికీ తెలుసు.

అప్పుడు కుర్చీలో కూర్చుని చేసి చూపించమన్నాను. కుర్చీయే వ్యాను సీటు. నేను లారీ డ్రైవర్ని. రాడ్డుకు బదులు పేపరు చుట్టి నా చేతికిచ్చింది మా ఆవిడ. నడుముకు మామూలు బెల్టే ఉంది. ఎడమ చేత్తో లేని తలుపు తోసి, లేచి, టీపాయ్ చుట్టూ తిరిగి వచ్చాడు. నేను పేపరు పైకెత్తాను. కుడి చెయ్యి నడుము మీదికి పోయింది.

ఇంకోసారి చెయ్యమన్నాను. మూడోసారి కూడా. మూడోసారి నేను అతని ముఖం చూడలేదు, కుడి చెయ్యే చూశాను. ఎడమ చెయ్యి తలుపు తోస్తున్నప్పుడే, ఇంకా కుర్చీలోంచి లేవకముందే, కుడి బొటనవేలు నడుము దగ్గర పైకి ఎగిరింది. బటన్ ఊడదీసినట్టు. మొదటి రెండుసార్లూ అలాగే ఎగిరి ఉంటుంది, నేనే గమనించలేదు.

"నీ వేలు చూశావా?"

చూసుకున్నాడు. నాలుగోసారి నేను అడగకుండానే చేశాడు. వేలు ఎగిరింది. కూర్చుండిపోయాడు. తలుపు, పట్టీ ఒకేసారి తీసేలా ఏళ్ల తరబడి సాధన చేయించారట. డబ్బు పెట్టెలు దింపేటప్పుడు అలాగే చేస్తారట.

"అంటే రాడ్డు కనపడకముందే పట్టీ తీసేశావు."

"చెయ్యి తీసింది అన్నా. నాను కాదు."

"కోపంగా ఉన్నావా?"

"వాడు మా డ్రైవర్ని అమ్మ బూతులు తిట్టినాడు. కోపంగానే ఉన్నాను" అన్నాడు.

జరిగిన వరసలో అయితే రాస్తానని, లేకపోతే ఇంకెవరి దగ్గరికైనా వెళ్లమని చెప్పాను. లేచి గుమ్మం దాకా వెళ్లాడు.

"మీకు పోయేది ఏటి అన్నా? మీ పెన్ను ఖరాబవుద్దా?"

అది సరైన ప్రశ్నే. తలుపు వేసుకుని వెళ్లిపోయాడు. తవ్వింది మీరే కదా, అడగకుండా రాసిచ్చి ఉంటే సరిపోయేది కదా అని మా ఆవిడ రాత్రి భోజనం దగ్గర రెండుసార్లు అంది.

ఆదివారం పొద్దున్నే వచ్చాడు. ఈసారి తనే కుర్చీ లాక్కున్నాడు.

"రాయండి. కోపంగా దిగినానని రాయండి. పట్టీ ముందే ఊడిందని రాయండి. ఇంకొకటి. లారీ ఎనక పదిమంది కూసున్నారు. మనోళ్లే."

క్రాంజీలో వలస కూలీలు ఉండే డార్మిటరీల నుంచి లారీల వెనక కూర్చుని పనికి వెళ్లేవాళ్లు. వెనక్కి తిరిగి కూర్చుని ఉంటారు కాబట్టి అంతా వాళ్ల కళ్లెదుటే జరిగింది.

"నిన్న వాళ్ల ఊసే ఎత్తలేదు?"

"సాక్షికి పిలుస్తారు గదా. నా మీద సెప్తారని." కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "తుపాకీ సగం వచ్చినప్పుడు అందులో ఒకడు తెలుగులో అన్నాడు అన్నా, 'అన్నా, వద్దు' అని. నాను తెలుగోణ్నని వాడికి ఎట్టా తెలిసిందో. నా మొఖం చూసి ఏదో అరవాలని అరిచినాడేమో. దానికి ఆపినాను. రాడ్డుకి కాదు, దానికి. వాడు లేకపోతే నాను మొత్తం తీసేవాణ్ని."

రాశాను. ఆ చివరి మాటా రాయమంటావా అని అడిగితే, రాయమన్నాడు. చదివి వినిపించాక నియమాల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

మూడు వారాలకు లిఫ్టు దగ్గర కలిశాడు. తుపాకీ అనుమతి తీసేశారు. ఉద్యోగం ఉంది, ఒక గోదాము గేటు దగ్గర, బెల్టు లేని యూనిఫారంలో. పాసు నిలబడింది. తనంతట తనే ఒప్పుకున్నాడని కొంత కనికరించారట.

"ఆ లారీ వెనక కూర్చున్నవాళ్లను పోలీసులు అడిగారా?"

"అడిగినారంట. నిద్రపోతా ఉన్నామన్నారు. పదిమందీ." పెదవి విరిచాడు. "వాళ్లకీ నా పాసు మాదిరి పర్మిట్లు ఉన్నాయి గదా అన్నా."

లిఫ్టు వచ్చింది. లోపల మేమిద్దరమే. లారీ వెనక ఉన్నవాడు నిజంగా "వద్దు" అన్నాడా అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"ఇంకా డౌటేనా?" అన్నాడు నా వైపు చూడకుండా. "నా సెవుల్తో విన్నాను."

ఒక్కరి మాట. రెండో మనిషి కూడా చెప్పకపోతే, పత్రికలో ఉన్నప్పుడు డెస్క్ మీద ఆ వాక్యం కొట్టేసేవాణ్ని. అతని స్టేట్‌మెంట్‌లో మాత్రం అది అలాగే ఉంది, నా చేతిరాతలో.