సైకిలు మిగిల్చిన పొగ

అనంతపురం హోటళ్ళలో చట్నీ రెండోసారి అడిగితే సర్వర్లకు చెవుడు వచ్చేది. రోజూ రాప్తాడు నుంచి అక్కడి ఆఫీసుకు సైకిలు తొక్కి, ఆకలితో చేరే నాలాంటివాడికి అది చిన్న బాధ కాదు. ఇంట్లో స్కూటరు ఉంది కదా, దాని మీద వెళ్ళమని మా ఆవిడ పోరు. సైకిలు వల్ల ఎంత పొగ తప్పుతోందో చూపిస్తే ఊరుకుంటుందనుకున్నాను. అసలు పొగకు బరువెంత ఉంటుందన్న కుతూహలం నాకూ ఉండేది. దూరాన్నీ, స్కూటరు తాగే పెట్రోలునూ, పనిదినాలనూ గుణించి చూస్తే, ఏడాది పొగ నాకంటే బరువని తేలింది. నేను అప్పట్లో బక్కగా ఉండేవాణ్ణనేది వేరే సంగతి.

ఆమె అంతా శ్రద్ధగా విన్నది.

"నిన్న బస్సులోంచి చూసినాలే. ఎదురుగాలికి తొక్కలేక ట్రాక్టరు ట్రాలీ పట్టుకొని పోతాంటివి. దాని పొగ యాడ కలిపినావు?"