అవ్వకు నచ్చిన సముద్రం

ఆ రోజుల్లో మా నల్లగొండ వైపు పుట్టినవాళ్లకు సముద్రం చూడాలంటే బండి ఎక్కితే సరిపోయేది కాదు, ముందు ఒక రాజ్యం మారాల్సి వచ్చింది. మా ఇంట్లో అక్షరాలా అదే జరిగింది. రజాకార్ల భయానికి మా ఊరి వాళ్లం చాలామందిమి మూటలు కట్టుకొని సరిహద్దు దాటి, బెజవాడ దగ్గర కాలువ గట్టున గుడిసెలు వేసుకొని తలదాచుకున్నాం. అక్కడ మా అవ్వ, అంటే బాపు అని మేం పిలిచే నాన్నకు తల్లి, ఎవరో సముద్రం గురించి చెప్పుకుంటుంటే విని, "అందరం పానాలతోని ఇల్లు జేరితే సముద్రంల తానం జేస్త" అని మొక్కుకుంది. (అప్పటిదాకా ఆమె చూసిన పెద్ద నీళ్లంటే వానాకాలపు మూసీ ఒక్కటే.) పోలీస్ యాక్షన్ అయింది, ఇల్లు చేరాం, వదిలేసి పోయిన బర్రె కూడా దొరికింది, ఎవరి కొట్టంలోనో మాకంటే బాగా తిని బలిసి. మాఘమాసం వచ్చేసరికి నాకు పెళ్లి కుదిరింది. మొక్కు తీరనిదే పందిరి వేయడానికి వీల్లేదని అవ్వ పట్టుబట్టింది.

మా అక్క భర్తను ఊరంతా మోటారు బావ అనేవారు. పెట్రోలు దొరకని యుద్ధకాలంలో వెనుక బొగ్గుల పొయ్యి బిగించుకొని నడిచిన పాత కారు ఒకటి ఆయన దగ్గర ఉండేది. యుద్ధం ముగిసినా ఆ పొయ్యి మాత్రం ఊడలేదు. ఎత్తు వచ్చినప్పుడల్లా బావ బండి ఆపి, "అందరు దిగుండ్రి, జర ఊపిరి తీసుకోనియ్యుండ్రి దాన్ని" అనేవాడు. మేం దిగి నెట్టేవాళ్లం. అక్క విసనకర్రతో పొయ్యి విసిరేది. "ఇంట్ల ఒక పొయ్యి, బాటల ఒక పొయ్యి. గీయనను జేసుకున్నందుకు నాకు రెండు పొయ్యిలు" అని అక్క అంటే, బావ వినపడనట్టు హారన్ మోగించేవాడు.

ఇక నా సంగతి. కాలువ గట్టున ఉన్నన్నాళ్లు పక్కింటి పిల్లలతో తిరిగి వాళ్ల భాష పట్టేశాను. మాట చివర 'అండీ' తగిలించడం, 'గిట్ల' అనాల్సిన చోట 'ఇలా' అనడం వచ్చేసింది. దాంతో ఈ ప్రయాణానికి నేనే దుబాసీనని నాకు నేనే ప్రకటించుకున్నాను. తెలుగు నుంచి తెలుగులోకి దుబాసీ ఏమిటని మీరు నవ్వొచ్చు. కృష్ణ ఒడ్డున బల్లకట్టు కోసం ఆగినప్పుడు అవ్వ ప్రేమగా ఒక ఆవిడకు జొన్నరొట్టె ఇచ్చి, "మామిడికాయ తొక్కు సుత ఉన్నది, తింటవా బిడ్డా" అంది. ఆవిడ ముఖం మాడ్చుకొని, "కాయ మీరు తిని తొక్కు మాకా" అంది. "తొక్కంటే పచ్చడండీ" అని నేను అడ్డం పడకపోతే అక్కడే తగువయ్యేది. ఆ తర్వాత నా తల ఇంకొంచెం పైకి లేచింది.

బాపట్ల దాటాక మొదటిసారి సముద్రం కనపడింది. మేమంతా నోళ్లు తెరిచి చూస్తుంటే అవ్వ మాత్రం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. తప్పు బావదే. బట్టల దుకాణంలో వేలాడే క్యాలెండరు మీది సీమదేశపు సముద్రం బొమ్మ చూపించి, సముద్రమంటే గిట్లనే ఉంటదని ఆయన ముందే చెప్పి పెట్టాడు. అందులో నీలంమందు కలిపినట్టు నీళ్లు, పక్కనే గుట్ట అంచున నున్నటి బాట, బాట మీద ఎర్ర కారు. ఇక్కడేమో బురద, కంపు, కనుచూపు మేర ఆరబెట్టిన ఎండుచేపలు.

"గీ సముద్రం నాకొద్దు" అంది అవ్వ. "ఇంకోటి చూపియ్యి."

"ఇంకోటి యాడుంటది అవ్వా, అంత ఒకటే సముద్రం" అన్నాడు బావ.

"ఒకటే అయితే గా బొమ్మల నీలంగ ఎందుకున్నది?"

బావ పోయి పొయ్యిలో బొగ్గులు ఎగదోయసాగాడు. బాపు నెమ్మదిగా, "పోనియ్యి అల్లుడా, ముంగటికి పోయి సూద్దాం" అన్నాడు. అలా మేం ఇంకో సముద్రం వెతుక్కుంటూ ఒడ్డు వెంట బయలుదేరాం. ఎడమ పక్క సరుగుడు తోటల సందుల్లోంచి నీళ్లు తళుక్కుమంటుంటే, బావ మధ్యమధ్య "గిది నచ్చిందా" అని అడగడం, అవ్వ తొంగిచూసి "ఊహూఁ" అనడం.

ఒక తోట మలుపులో పోలీసులు బండి ఆపారు. ఎక్కడి నుంచి అని కానిస్టేబులు అడిగితే బాపు నల్లగొండ అన్నాడు. ఆ ఒక్క మాటకు అందరినీ కిందికి దింపేశారు. నిన్నటిదాకా రజాకార్లతో కొట్లాడిన సంఘంవాళ్లను ఇప్పుడు కొత్త ప్రభుత్వమే అడవులు పట్టి వెతుకుతోంది. ఆ సంగతి అవ్వకు ఎవరూ చెప్పలేదు. చెట్టు కింద కుర్చీలో మీసాల హెడ్డు గారు కూర్చొని ఉన్నారు. కానిస్టేబులు అవ్వను, "ముసలమ్మా, మీ ఊళ్లో సంఘంవాళ్లు ఉన్నారా" అని అడిగాడు.

"ఉన్నరా అంటవేంది బిడ్డా, ఊరంత సంగమే" అంది అవ్వ సంతోషంగా. "నా కొడుకు సంగమే, గీ మోటారు పిలగాడు సుత సంగమే. సంగం లేకుంటే మేం బతికి గీడికి వస్తుంటిమా?"

అక్క చేతిలో విసనకర్ర ఆగిపోయింది. అట్లా తీసుకెళ్లినవాళ్లు ఎప్పుడు తిరిగొస్తారో ఎవరికీ తెలియని రోజులవి. నా నోట్లోంచి మాట దానంతట అదే వచ్చింది. "భజన సంఘం అండీ. మా వైపు సంగం అంటే భజన సంఘమండీ. మా భాష కొంచెం వేరండీ."

హెడ్డు గారు మమ్మల్ని ఎగాదిగా చూసి, "అయితే ఒక భజన పాడండి" అన్నారు.

బాపు గొంతు ఎడ్లను అదిలించడానికే తప్ప దేనికీ పనికిరాదు. బావకు వచ్చింది ఒకటే పాట, సంఘం సభల్లో పాడేది. దొరల గడి మీదికి, అంటే వాళ్ల కోటలాంటి ఇంటి మీదికి, జనాన్ని పిలిచే పాట. బావ నా వైపు బిక్కచూపు చూశాడు. నేను గొంతెత్తి అందుకున్నాను.

"కదలి రండన్నలారా గుడి ముందటికి
సామిని నిలదీసి అడుగుదాము రండి"

గడిని గుడి చేశాను, దొరను సామిని చేశాను. బావ బతుకుజీవుడా అని తాళం వేశాడు. అక్క ప్రతి వరస చివరా 'రామా' అని చేర్చింది. అంతా బాగానే ఉంది కానీ అవ్వకు ఈ మార్పు ఎవరు చెప్పాలి? ఆమె కళ్లు మూసుకొని, చప్పట్లు కొడుతూ, నిండు గొంతుతో అసలు పాటే పాడుతోంది. ఆమె 'గడి' అన్నప్పుడల్లా మేం ముగ్గురం 'గుడి' అని అరుస్తున్నాం. సరుగుడు చెట్ల మీది కాకులు లేచిపోయాయి.

"దేవుణ్ణి నిలదీయడమేమిటి" అన్నాడు కానిస్టేబులు అనుమానంగా.

"భక్తి ముదిరితే అంతేనండీ" అన్నాను.

హెడ్డు గారు పాట అయ్యేదాకా నేల చూస్తూ కూర్చున్నారు. తర్వాత లేచి, "భక్తులేనయ్యా, వదిలెయ్" అని కానిస్టేబుల్ని అవతలికి పంపి, మమ్మల్ని బండి దాకా తీసుకొచ్చారు. నేను ఎక్కబోతుంటే గొంతు తగ్గించి, "ముందు ఇంకో చోట ఆపుతారమ్మాయ్. అక్కడ పాడకండి. మొక్కుకు పోతున్నామని చెప్పండి చాలు" అన్నారు. నన్ను ఎక్కించి తలుపు మూస్తూ, "మా తమ్ముడూ మీ భజన సంఘమే. ఎక్కడున్నాడో తెలియదు" అన్నారు.

ఆయన అన్నట్టే ముందు ఇంకో చోట ఆపితే, మొక్కుకు పోతున్నామని చెప్పి బయటపడ్డాం. చివరికి ఒక పల్లె దాటాక, శుభ్రమైన ఇసుక, జనం లేని ఒడ్డు కనపడింది. నీళ్లు నీలంగా ఏమీ లేవు. అవ్వ మాత్రం, "ఆపు పిలగా, గిదే" అంది. బహుశా అలసిపోయిందేమో. నడుం లోతుదాకా పోయి, ఇంట్లో ఒక్కొక్కరి పేరు చెప్పి ఒక్కో మునక వేసింది. చేయి పట్టుకొని నిల్చున్న నాకు పాదాల కింద ఇసుక జారిపోతుంటే గుండె జారిపోతోంది. ఒడ్డుకు పోదామని లాగితే అవ్వ కదల్లేదు.

"గా పోలీసాయన తమ్ముని పేరేంది?"

"అడగలేదవ్వా."

"పోలీసోళ్ల ముంగట మస్తు మాట్లాడితివి, గదొక్కటి అడగకపోతివి" అని విసుక్కొని, "పేరు లేకుంటేంది" అంటూ ఆ తమ్ముడి కోసం ఇంకో మునక వేసింది.

ఇప్పుడు నా వయసు ఆనాటి అవ్వ వయసును దాటింది. మా వాళ్లందరినీ నా తెలివితోనే కాపాడుకొచ్చానని పెళ్లిలో, ఆ తర్వాత అత్తగారింట్లో, ఎన్నేళ్లు చెప్పుకున్నానో లెక్కలేదు. ఆ హెడ్డు గారికి మొదటి వరసకే అంతా అర్థమైందని నాకు తట్టడానికి నా పిల్లలకు పెళ్లిళ్లు కావాల్సి వచ్చింది. తడి పరికిణీతో వణుకుతూ, ప్రపంచాన్ని గెలిచినట్టు ఒడ్డున తల ఎగరేసి నిల్చున్న ఆ పిల్ల అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. నవ్వొస్తుంది. ఆ తమ్ముడు ఇల్లు చేరాడో లేదో తెలియదు.