సంతకాలయ్యేదాకా టీ లేదు

ఆ వయసులో మనకు తెలియనిదంటూ ఏదీ ఉండదు. నాకైతే రెండు భాషల్లో తెలియనిది లేదు. యూనివర్సిటీలో అంతర్జాతీయ సంబంధాలు, దానికి తోడు ఫ్రెంచ్ చదువుతూ మొదటి ఏడాది సెలవులకు నర్సీపట్నం బస్టాండులో దిగేసరికి, ఏ రెండు దేశాలు కొట్టుకున్నా నన్ను పిలిస్తే చాలన్నంత ధీమాలో ఉన్నాను. (దేశాలేవీ పిలవలేదు.) కృష్ణదేవిపేట రోడ్డులో ఉన్న మా ఊళ్లో మాత్రం, మా ఇంట్లోనే యుద్ధం నడుస్తోంది. గట్టు మీదికి వాలిందని చిన్నాన్న జీడిమామిడి కొమ్మను నాన్న నరికించాడు. దానికి బదులుగా చిన్నాన్న తన పొలంలోంచి మా బండి వెళ్లే దారికి ముళ్లకంప అడ్డం వేశాడు. వేరే దారి లేదు. కొట్టిన చెరకు రెండు రోజులుగా పొలంలోనే పడి ఎండుతోంది. ఇంకో రోజు ఆగితే బెల్లం గానుగకు పిప్పి తోలుకెళ్లడమే. అన్నదమ్ములకు మాటల్లేవు.

నేను రంగంలోకి దిగాను. వరండాలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి, ఎవరిదీ ఎత్తు కాకుండా టేపు పెట్టి కొలిచాను. ఒప్పందం రెండు ప్రతులు రాశాను, తెలుగులో ఒకటి, ఫ్రెంచ్‌లో ఒకటి. (ఫ్రెంచ్ ప్రతి ఎవరికోసమో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. గానుగను ఏమంటారో దొరక్క అక్కడ ఖాళీ వదిలాను.) అన్నిటికన్నా గొప్ప ఎత్తుగడ ఇంకొకటుంది: సంతకాలయ్యేదాకా టీ లేదు. ఆంక్షలు పెట్టనిదే ఎవరూ దిగిరారని మా మేడం పాఠం. “ఇంటికొచ్చినోడికి టీ ఇవ్వకపోతే ఎలాగే?” అంది అమ్మ. “దౌత్యంలో అంతేనమ్మా” అని ఆవిణ్ని వంటింట్లోనే ఆపేశాను.

చదువుకున్న పిల్ల పిలిచిందని చిన్నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. నాన్న ఎదురుగా కూర్చుని నేలచూపులు చూస్తున్నాడు. మొదటి అంశం చదివాను. రెండోది చదివాను. చిన్నాన్న వంటింటి వైపు ఒకసారి చూశాడు. మూడో అంశం మధ్యలో లేచి నిలబడ్డాడు.

“ఎల్తాను వదినా” అన్నాడు లోపలికి వినపడేలా. గొంతు జీరపోయింది. “కంపేసినానని కోపమైతే తిట్టండి. పరాయోడిలాగ మంచినీళ్లైనా ఇవ్వకుండా కూకోబెడతారేటి?”

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఉన్న చెరకు కాస్తా నా చేతుల మీదుగానే పోయిందనుకున్నాను. అంతలో నాన్న కుర్చీలోంచి లేచి నా మీద విరుచుకుపడ్డాడు.

“ఏటే నీ సదువు? నా తమ్ముడు గుమ్మంలోకొస్తే టీ అయినా ఇవ్వకుండా కాయితాలు సదువుతావా? ఎల్లు, బేగి ఎట్టమను!”

“పిల్లనేటీ అనకన్నియ్యా” అన్నాడు చిన్నాన్న, మళ్లీ కూర్చుంటూ. “ఇయ్యన్నీ నేర్పినోళ్లని అనాల.”

ఆ తర్వాత పావుగంట ఇద్దరూ కలిసి నన్ను, మా మేడాన్ని, మొత్తం యూనివర్సిటీని తిట్టారు. అంత ఏకాభిప్రాయం గురించి నేను ఏ పాఠంలోనూ చదవలేదు. రెండో గ్లాసు టీ దగ్గర చిన్నాన్న “కంప తీసేత్తాను, బండి తోలుకో” అన్నాడు. “కొమ్మ ఇసయంలో నానే తొందరపడ్డాన్రా” అన్నాడు నాన్న. సాయంత్రానికి చెరకు గానుగ చేరింది. ఒప్పందం కాగితాలు పొయ్యి రాజెయ్యడానికి పనికొచ్చాయి.

ఇప్పుడు నేను విదేశీయుల మీటింగుల్లో దుబాసీగా కూర్చుంటాను. చిన్నాన్న గొంతులోని ఆ జీర గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఫ్రెంచ్‌లో మాకు మొదటి రోజే నేర్పింది క్షమాపణ అడగడం; ఆయన్ని తెలుగులో అడగడానికి నాకు ఆరేళ్లు పట్టింది. పోయినసారి ఊరెళ్లినప్పుడు ఎలాగో అడిగేశాను. ఆయన వింతగా చూసి, “దేనికమ్మా? నువ్వు సదువుకున్నదానివి కాబట్టే గదా ఆరోజు మా ఇద్దర్నీ కలిపినావు!” అన్నాడు. కాదని చెప్పబోయి, ఆ ముఖంలో సంతోషం చూసి ఊరుకున్నాను.