‘పని చేస్తారా?’ అని అడిగినందుకు

రెండువేల ఒకటి జనాభా లెక్కల్లో నాకు ఉస్మాన్‌గంజ్ హోల్‌సేలు బజారు పడింది. అప్పుడు నేను మలక్‌పేటలో పిల్లలకు ఎక్కాలు చెప్పే టీచర్ని. మా నాన్న ప్రభుత్వ ఉద్యోగానికి కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను పుట్టి పెరిగింది హైదరాబాదే అయినా మా ఇంట్లో మాట మాత్రం బెజవాడదే.

మొదటి రోజే ఒక చింతపండు హోల్‌సేలు వ్యాపారి ఇంటికి వెళ్లాను. కింద దుకాణం, పైన ఇల్లు. సేటు మర్యాదగా కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. పేర్లూ వయసులూ రాసుకున్నాక ఆయన భార్య వైపు తిరిగి, కాగితంలో ఉన్నది ఉన్నట్టు అడిగేశాను.

“అమ్మా, మీరు పని చేస్తారా?”

ఆవిడ భగ్గుమంది. “ఏంది టీచరమ్మా, నేను నీకు పనిమనిషి లెక్క కనవడుతున్ననా? మా ఇంట్లనే ఇద్దరు పనోళ్లున్నరు!”

నాలుక కరుచుకున్నాను. ఎవరింట్లో అంట్లు తోముతారని అడిగినట్టు వినపడింది ఆవిడకి. తప్పయిందమ్మా అని బతిమాలుకుంటుంటే సేటు కలగజేసుకున్నాడు. “మా ఇంట్ల ఆడోళ్లు పనిచెయ్యరు మేడం. మస్తు ఆరాంగ ఉంటరు. ఏం చెయ్యదని రాసుకోర్రి.”

సరే, పనిచేయనివాళ్లలో రాసేద్దామని పెన్ను ఎత్తాను. ఇంతలో కిటికీ బయట తాడు కదిలింది. సేటు లేచి, తాడుకు కట్టిన బుట్టను పైకి లాగి, అందులోని చింతపండు ముద్దను ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ చిన్న రెబ్బ తుంచి, వాసన చూసి, నోట్లో వేసుకుని “తీస్కో” అంది. సేటు కిటికీలోంచి కింద దుకాణంలో సరుకు దింపించుకునే గుమస్తాకు అదే మాట అరిచి చెప్పాడు.

“రోజూ ఇంతేనా?” అన్నాను.

“ముప్పై ఏండ్ల సంది ఇంతే. ఆమె నోట్లె పెట్టంది నేను గోదాంల పెట్ట” అన్నాడు గొప్పగా.

నాకు ఒళ్లు మండింది. “మరి ఇది పని కాదా సేట్‌గారూ?”

“గిదేం పని మేడం, ఊర్కె రుచి జూస్తది. పని అని రాస్తే బజార్ల నా ఇజ్జత్ ఏం గావాలె? పెండ్లాంతోని పని చేయించుకుంటుండని నవ్వరా?”

ఇంటి వ్యాపారంలో చెయ్యి వేసినా పనే అని మాకు శిక్షణలో చెప్పారు. కానీ ఆ మాట ఇంట్లోవాళ్ల నోట రావాలి. ఆవిడ వైపు చూశాను. కొంగుకు వేళ్లు తుడుచుకుంటోంది. నాకు ఉసూరుమనిపించింది.

రెండో బుట్ట వచ్చింది. సేటు ముద్ద తెచ్చి ముందు పెట్టాడు. ఆవిడ చేతులు కట్టుకుని కూర్చుంది.

“చూడు” అన్నాడాయన.

“నేనేం పనిచెయ్యనంటివి గద. ఆరాంగ ఉంట.”

కింద నుంచి కేక. “సేటూ, ఏమాయె? బండి నిలవడ్డది!”

“జర చూడరాదె, లొల్లి జెయ్యకు!”

“ముందుగాల టీచరమ్మను రాయమను.”

నేను నవ్వు ఆపుకోలేక కాగితాలతో మొహం కప్పుకున్నాను. సేటు పంతానికి తనే ఒక రెబ్బ నోట్లో వేసుకున్నాడు. పులుపుకు ఒక కన్ను మూసుకుపోయిందే తప్ప ఆయనకేమీ తేలలేదు. కింద మళ్లీ కేక. ఆఖరికి నా వైపు తిరిగి, “రాసుకోర్రి మేడం. మీకు పుణ్యముంటది, జల్ది రాసుకోర్రి” అన్నాడు.

పనిచేసేవాళ్ల అంకె గడిలో వేశాను. అప్పుడు ఆవిడ చింతపండు నోట్లో వేసుకుని వెంటనే ఉమ్మేసింది. “పోయినేటిది కొత్తదాంట్ల కలిపిండు. వాపస్ పంపు.” సేటు మారుమాట లేకుండా బుట్ట కిందికి దించాడు.

ఆవిడ నా పక్కకు జరిగింది. “నాదేడ రాసినవో చూపియ్యి బిడ్డా. నాకు సదువు రాదు.”

గడి చూపించాను. వేలు పెట్టి చూసుకుంది. “గింతేనా? ఒక్క అంకెనేనా?”

“ఒక్కటేనమ్మా.”

గడి మీద నుంచి వేలు తీయకుండానే అడిగింది. “సున్న అయితే గాదు గద?”

“కాదమ్మా” అన్నాను.

ఆవిడ ఇల్లంతా వినపడేలా నవ్వి మొగుడి వైపు తిరిగింది. “ఇన్నవా? సున్న గాదట!”