రేవులో సాగనంపే మనిషి

సఖినేటిపల్లి రేవులో, రంగూను ఓడకి మనుషుల్ని కుదిర్చే దళారి ఒకడు నా వెంటపడ్డాడు. ఈ బెడద నాకెందుకని అతణ్ణి వదిలించుకుని, సరాసరి ఓడ నడిపే సరంగునే చోటు అడిగాను.

"ఆయ్, చోటుందండి. మిమ్మల్ని సాగనంపడానికి ఎవరొచ్చేరండీ?" అన్నాడు సరంగు.

"ఎవరూ రాలేదు. నా అంతట నేనే వచ్చాను."

"అలాగైతే ఎక్కించుకోలేనండి. ఒడ్డున నిలబడి 'వెళ్ళి రండి' అనేవారు ఒకరుండాలండి."

ఇద్దరూ కూడబలుక్కున్నారనుకుని, మండిపడుతూ దళారి దగ్గరికే తిరిగి వెళ్ళాను. అతను బేరం ఊసే ఎత్తలేదు.

"ఓడ తిరిగి రాకపోతే కబురు ఎవరికి పంపమంటారండీ? అది గుర్తుపెట్టుకుని ఒడ్డున ఉండడమే నా పనండి."

అన్నయ్యతో పోట్లాడి, ఇక ఆయన ముఖం చూడనని కడప నుంచి ఇంత దూరం వచ్చినవాణ్ణి. తీరా నోట్లోంచి ఆయన పేరే వచ్చింది.

ఓడ కదిలేటప్పుడు దళారి మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, "వెళ్ళి రండి బాబుగారూ!" అని కేకేశాడు.

తిరిగి రాకూడదనే బయల్దేరాను. "అలాగేనండీ!" అని ఎందుకన్నానో నాకిప్పటికీ తెలియదు.