నలుగురి నోటుబుక్కు

మొన్న పోస్టాఫీసులో ఎవరిదో పార్సిలుకు లక్క సీలు వేస్తున్నారు. ఆ వాసన తగలగానే మంథనిలో మాధవరావు వకీలుగారి అరుగు గుర్తొచ్చింది. నాకు కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చి, వాళ్ళింట్లో ఒక గది అద్దెకు తీసుకున్న రోజులవి. ఆయనకు అప్పటికే అరవై దాటాయి. మహా ముక్కోపి. నన్ను మాత్రం బిడ్డా అనేవారు.

హైదరాబాదు కాలేజీలో తనతో చదివిన ముగ్గురు స్నేహితులతో ఆయనకు ఒక విచిత్రమైన ఏర్పాటు ఉండేది. నలుగురికీ కలిపి ఒకటే నోటుబుక్కు. అది ఎవరికి చేరితే వాళ్ళు తమ సంగతులు రాసి, ఎనిమిది రోజుల్లో లక్క సీలు వేసి తర్వాతివారికి పార్సిలు చేయాలి. ఒకటి నిండితే ఇంకొకటి. ముప్పై ఏళ్ళుగా అలా తిరుగుతూనే ఉందట. ఇళ్ళలో తెలుగే మాట్లాడినా, వాళ్ళు చదివిందీ ఉద్యోగాలు చేసిందీ ఉర్దూలో. అందుకే రాతంతా ఉర్దూనే. తెలుగు అక్షరాలు నలుగురికీ రావు.

ఒకసారి బుక్కు వచ్చి ఇరవై రోజులైనా ఆయన బల్ల మీదే ఉంది. అడిగితే కసురుకున్నారు. చివరికి వాళ్ళావిడ చెప్పింది, కళ్ళకు పొరలు కమ్మి అక్షరం ఆనడం లేదని. నాకా ఉర్దూ రాదు. పోస్టుమాస్టరుతో చదివిద్దామంటే వకీలుగారు ఒప్పుకోలేదు.

"మా ముచ్చట్లు బజార్ల పెట్టాల్నా? వద్దు. నేను సచ్చిపోయిన్ననుకోనీ."

నాకు ఉండబట్టలేదు. ఆయనకు చెప్పకుండా, ఉన్న విషయం ఆ బుక్కులోనే తెలుగులో రాసి నిర్మల్‌కు పంపేశాను. అక్కడ కిషన్‌రావుగారని, రిటైరైన తహసీల్దారు, నలుగురిలో ఒకరు. వాళ్ళింట్లో ఎవరైనా చదివి వినిపిస్తారులే అనుకున్నాను.

తెలిసి వకీలుగారు మండిపడ్డారు. "గుడ్డోన్నయిన్నని చాటిచ్చినవా? నిన్నెవరు రాయిమన్నరు?"

నెల రోజులు నాతో మాట్లాడలేదు. నిజానికి నేను చేసింది తప్పే. ఆయన దాచుకున్న సంగతి బయటపెట్టడానికి నేనెవరిని?

రెండు నెలలకు బుక్కు నిర్మల్ నుంచే నేరుగా తిరిగొచ్చింది. విప్పి చూస్తే కిషన్‌రావుగారి పేజీ తెలుగులో ఉంది. రేగుపళ్ళంత అక్షరాలు, గీత దాటి కిందికి జారుతూ. వకీలుగారి పక్కన కూర్చుని పైకి చదివాను.

"అరే మాధవ్, మనుమరాలి కాడ పలక పట్టి నేర్చుకున్న. గీ నాలుగు లైన్లకు రెండు రోజులు పట్టింది. ఇగ నీకు చదివేటోళ్ళ ఫికర్ లేదు. మిగిలిన ఇద్దరిని గూడ నేర్చుకొమ్మన్న. నువ్వు మాత్రం బుక్కు ఆపకు."

వకీలుగారు ఏడ్చేశారు. అంత కోపిష్టి మనిషి అలా ఏడుస్తుంటే నాకూ కన్నీళ్ళు ఆగలేదు. కండువాతో మొహం తుడుచుకుని, "మల్లొక్కసారి చదువు బిడ్డా" అన్నారు. చదివాను.

"ఇగ నేను చెప్తా, రాయి. తప్పులు ఒక్కటి గూడ లేవని రాయి. ఉన్నయా?"

"మస్తున్నయి వకీల్‌సాబ్."

"అయినా లేవనే రాయి."

అప్పటిదాకా చదువంటే ఉద్యోగం కోసమని, వయసులోనే ముగిసిపోతుందని అనుకునేదాన్ని. నాతో కరీంనగర్‌లో చదువుకున్న సుగుణకు ఈమధ్య చెవులు పూర్తిగా పోయాయి. ఫోను ఎత్తడం మానేసింది. ఎనభయ్యో ఏట కోడలి పక్కన కూర్చుని ఫోనులో తెలుగు కొట్టడం నేర్చుకున్నాను. వారం రోజులుగా తప్పుల తడకగా రాసి పంపుతున్నాను. నిన్న జవాబొచ్చింది: "ఇన్ని దినాలు ఏడ పోయినవే?"